గుర్రం నవ్వడం లేదు

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పశుసంవర్ధక, నగరపాలక, పోలీసు అధికారులకు, పశువైద్యులకు, కల్యాణ మండపాల యజమానులకు ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఆషాఢం కనుక నాకు పని లేదు. ఈ తీరికలోనే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. శ్రావణం వస్తే మళ్లీ ముహూర్తాలు, ఊరేగింపులు, గుర్రాలు. ఆలోపే మీరు ఇది చదవాలని కోరిక.

నేను విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పెళ్లికొడుకు పూలు కట్టిన కారులో వచ్చేవాడు. ఇప్పుడు పటమటలో అయినా, గుంటూరు లక్ష్మీపురంలో అయినా గుర్రం ఎక్కించమని పెళ్లివారు ముందే మాట్లాడుకుంటున్నారు. ఎవరి ముచ్చట వారిది, దాన్ని నేను తప్పుపట్టను. నా సంపాదన కూడా ఆ ముచ్చటలోనే ఉంది.

గత మాఘమాసంలో ఒక రాత్రి సంగతి చెబుతాను. కల్యాణ మండపం వెనక, జనరేటరుకు నాలుగడుగుల దూరంలో ఒక తెల్ల ఆడగుర్రాన్ని కట్టేశారు. ఒంటి మీద అద్దాలు కుట్టిన ఎర్ర మఖ్మలు గుడ్డ, నుదుటి మీద కుచ్చు. ఊరేగింపుకు ఇంకా గంట ఉంది. అది మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. ముందు కాలితో నేలను గీకుతోంది. ముందు పోసిన ఉలవలు పోసినట్టే ఉన్నాయి. ఉన్నట్టుండి తల పైకెత్తి, పైపెదవి మడిచి, పళ్లు బయటపెట్టింది. "గుర్రం నవ్వుతోంది!" అని ఎవరో అరిచారు. పిల్లలు, పెద్దలు చుట్టూ మూగి సెల్ఫీలు తీసుకున్నారు. ఒక పెద్దావిడ ముద్దుగా లడ్డూ తినిపించబోయింది. నేనూ ఫొటో తీశాను. చాలా బాగా వచ్చింది. ఆల్బంలో ఒక పేజీ నిండా వేశాను కూడా.

అది నవ్వు కాదు, కడుపుశూల. గుర్రం ఊరికే ఏదో వాసన చూసి కూడా పెదవి మడుస్తుంది. కానీ డొక్క చూసుకోవడం, నేల గీకడం, మేత ముట్టకపోవడం, పెదవి మడవడం ఒకే గంటలో కలిసి వస్తే అది కడుపులో నొప్పి అని గుర్రాల వైద్యం తెలిసిన ఎవరైనా చెబుతారు. ఆ రాత్రి అక్కడున్న వందల మందిలో ఒక్కరికీ అది తెలియదు. నాకూ తెలియదు.

గంటన్నర ఊరేగింపు నడిచింది. పెళ్లికొడుకు దిగిన కాసేపటికి గుర్రం కూలబడి బొర్లడం మొదలుపెట్టింది. నా దగ్గర లైట్లు మోసే కుర్రాడు ఆ యజమానికి బంధువు కావడంతో నేనూ అక్కడే ఉండిపోయాను. ఒక పశువైద్యశాలకు తాళం వేసి ఉంది. ఇంకొక చోట ఫోను ఎత్తిన మనిషి, "ఆవులు, గేదెలు, కుక్కలైతే చూస్తాం. గుర్రం మా వల్ల కాదు, పొద్దున తీసుకురండి" అన్నాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు అది చనిపోయింది. యజమాని దాని నుదుటి కుచ్చు విప్పి జేబులో పెట్టుకుని, అప్పుడు ఏడ్చాడు.

నేను మూడుసార్లు అర్జీ ఇచ్చాను. ఏ కార్యాలయంలో ఇచ్చానో రాయను. ఒక్క కార్యాలయాన్ని బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి నా ఫోనుకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వచ్చింది. చచ్చిన గుర్రం సమస్య ఎలా పరిష్కారమైందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. మూడోసారి ఒక అధికారి కూర్చోబెట్టి, మర్యాదగానే మాట్లాడి, ఒక ప్రశ్న అడిగారు: "ఆ గుర్రం ముందు నుంచీ కుంటుతోందా?" లేదన్నాను. "ఒంటి మీద గాయాలున్నాయా?" లేవన్నాను. "మరి నొప్పి ఉందని ముందే ఎలా తెలుస్తుంది?"

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగారు. అందుకే తెలుసుకుని జవాబు రాస్తున్నాను.

మా తాత గుంటూరు రైల్వే స్టేషను ముందు జట్కా తోలేవాడు. పొద్దున్నే లేచి గుర్రం దగ్గరకు నేరుగా వెళ్లేవాడు కాదు. గోడ చాటున నిలబడి చుట్ట వెలిగించి, ఆ చుట్ట కాలినంతసేపూ దాన్ని చూసేవాడు. "మనిషి కనబడితే గుర్రం మర్యాదగా నిలబడుతుంది, దాని బాధ దాచుకుంటుంది" అనేవాడు. చుట్ట వాసన దానికి తెలియదా తాతా అని అడిగితే, "వాసన రోజూ ఉండేదే, దానికి లెక్కలేదు. నా ముఖం కనబడితేనే బండి కడతానని దానికి తెలుసు" అని నవ్వేవాడు. నాకు ఇది ముసలివాళ్ల కబురుగా ఉండేది. 2020లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎముకల ఆపరేషను అయిన గుర్రాలను కెమెరాలతో గమనించి ఇదే మాట చెప్పారు. ఒంటరిగా ఉన్నప్పుడు కనిపించే బాధ లక్షణాలు మనిషి గదిలోకి రాగానే బాగా తగ్గిపోతాయట. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు. బలహీనత బయటపడితే పులి నోట్లో పడతానన్న భయం దాని రక్తంలో ఉంది. అధికారి జీపు దిగి నాలుగు నిమిషాలు చూసి "బాగానే ఉంది" అని రాస్తే, ఆయన చూసింది గుర్రం మర్యాదను.

దాచుకున్నా ముఖం కొంత బయటపెడుతుంది. 2014లో ఇటలీ, జర్మనీ, బ్రిటన్ పరిశోధకులు వృషణాలు తొలగించే ఆపరేషనుకు ముందూ తర్వాతా గుర్రాల ముఖాలను పోల్చి, నొప్పిని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. చూడవలసినవి ఆరు. చెవులు బిగుసుకుని వెనక్కి తిరగడం. కళ్లు సగం మూసుకుపోవడం. కంటి పైన కండరం బిగిసి ఎముక అంచు తేలడం. దవడ కండరం ఉబ్బి కనబడటం. పెదవులు బిగుసుకుని గడ్డం ముడిపడటం. ముక్కుపుటాలు బిగుసుకోవడం. ఒక్కొక్కదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు, మొత్తం పన్నెండు. మార్కులు పెరిగేకొద్దీ నొప్పి పెరుగుతున్నట్టు. చదువు రానివాడికైనా బొమ్మలు చూపిస్తే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. కునుకు తీసే గుర్రం కళ్లు కూడా సగం మూతపడతాయి. చెవులు వెనక్కి పెట్టిన గుర్రానికి పక్క గుర్రం మీద కోపం ఉండవచ్చు. ఒక్క లక్షణం పట్టుకుని తీర్పు చెప్పకూడదు. బాజాల మధ్య, టపాసుల మధ్య అసలు చూడకూడదు. నిశ్శబ్దంగా ఉన్నచోట, అలంకారం వేయకముందు, దూరం నుంచి కాసేపు ఆరూ కలిపి చూడాలి.

మనిషిని ఎక్కించుకున్న గుర్రానికి మరో పట్టిక ఉంది. బ్రిటన్ పశువైద్యురాలు సూ డైసన్, ఆమె సహచరులు 2018లో ప్రకటించారు. అందులో 24 ప్రవర్తనలు ఉన్నాయి. తోక పదేపదే విసరడం, నోరు తెరిచి పళ్లు విడదీసి ఉంచడం, నాలుక బయటపెట్టడం, తల పక్కకు వంచడం, గిట్ట ముందుభాగం నేలకు ఈడ్వడం వంటివి. ఎనిమిది, అంతకు మించి కనిపిస్తే ఎముకల్లోనో కండరాల్లోనో నొప్పి ఉండవచ్చని అనుమానించాలి. మన ఊరేగింపుల్లో డప్పు కొట్టగానే గుర్రం తల ఎగరేసి, నోరు తెరిస్తే "ఎంత బాగా ఆడుతోందో" అంటాం. నేర్పితే ఆడే గుర్రాలు ఉన్నాయి, కాదనను. అయితే కళ్లెం నోట్లో కోస్తున్నా అది అచ్చం అలాగే ఆడుతుంది.

ఇవన్నీ చదివాక నా పాత ఫొటోలు ముందేసుకుని రెండు వారాలు కూర్చున్నాను. పెళ్లికొడుకుల ముఖాలు వదిలేసి గుర్రాల ముఖాలు మాత్రమే పెద్దవి చేసి చూశాను. ఒక ఫొటో చెబుతాను. నీలం లైటు గుర్రం కంటి మీద పడింది. కంటి పైన మూడు మూలల ముడత, కత్తితో గీసినట్టు. పెదవి మూల పాత పగులు తెల్లగా మానింది, దాని పక్కనే కొత్త పగులు ఎర్రగా ఉంది. అదే ఫొటోలో కిందికి వస్తే కుడి ముందు కాలు జానెడు ముందుకు చాపి, బరువంతా ఎడమ కాలి మీద మోపి ఉంది. గుర్రం వెనక కాలు వంచి నిలబడితే అది విశ్రాంతి. ముందు కాలు చాపి నిలబడితే ఆ గిట్టలో ఏదో ఉంది. ఆరేళ్ల క్రితం ఆ ఫొటోను నేనే కత్తిరించాను, కాలు అందంగా పడలేదని.

ఇక దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతుందో చెబుతాను. గుర్రం గురించి బాధపడే తీరిక లేనివారు ఇదొక్కటైనా చదవండి.

1. నొప్పితో ఉన్న గుర్రం మీద కూర్చునేది మీ కొడుకు. చాలాసార్లు ముందు ఒక చిన్న పిల్లవాడిని కూడా కూర్చోబెడతారు. బాధ ఓర్చుకున్నంతసేపూ ఓర్చుకుని, పక్కన టపాసు పేలగానే అది ముందు కాళ్లు ఎత్తుతుంది. చుట్టూ ఆడేవాళ్లు, తలమీద లైట్లు మోసే ఆడవాళ్లు, వాటి వెనక వైర్లు. లైట్లు మోసేవాళ్లు పక్కకు గెంతలేరు. నెత్తిన బరువు, కాళ్లకు వైరు.

2. గుర్రం పోతే ఆ ఇల్లు పోయినట్టే. మాఘంలో చనిపోయిన గుర్రం యజమాని ఇప్పుడు ఆటో అద్దెకు తోలుతున్నాడు. గుర్రం కొన్న అప్పు మాత్రం అలాగే ఉంది. ఆయన క్రూరుడు కాదు. తాను తినకముందే దానికి దాణా పెట్టేవాడు. ఊరేగింపు రోజు మాత్రం నీళ్లు తగ్గించేవాడు. "మధ్యలో పోస్తే పెళ్లివారు గొడవ చేస్తారు బాబూ" అన్నాడు. నీళ్లు చాలకపోవడం, ఒక్కసారిగా గింజల మేత ఎక్కువ కావడం, అతిథులు ముద్దుగా పెట్టే పులిహోర, లడ్డూలు, ఇవే శూలకు దారులు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. లోపలికి పోయింది ఎలాగైనా పేగుల్లోంచే వెళ్లాలి. పిండిపదార్థం ఎక్కువైతే గిట్టల్లోపల వాపు కూడా వస్తుంది. ఈ నాలుగు మాటలు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

3. యువ పశువైద్యులకూ ఇది నష్టమే. 2012 పశుగణనలో దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 6.25 లక్షలు. 2019కి 3.4 లక్షలకు పడిపోయాయి. రోజూ గేదెలు, మేకలు చూసే వైద్యుడి చేతికి గుర్రం ఏడాదికి ఒకటి కూడా రాకపోవచ్చు. "మా వల్ల కాదు" అన్న ఆ మనిషిని నేను తిట్టుకోను. కానీ గుర్రాలు తగ్గినకొద్దీ ఉన్నవాటిని చూడగలిగేవారూ తగ్గిపోతే ఉన్న గుర్రాలు ఎక్కడికి పోవాలి?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోనే వచ్చింది. జబ్బుతో, గాయంతో, పుండుతో పనికి తగని జంతువును పనికి పెట్టడం ఆ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. టిఫిను సెంటరులో ఒక ప్లేటు ఇడ్లీ ఖరీదు. 1965 నియమాలు ముళ్లున్న కళ్లేలను నిషేధించాయి. బండి లాగే, బరువు మోసే జంతువులను రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా అయిదు గంటలకు మించి వాడకూడదన్నాయి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదన్నాయి. బెజవాడ ఎండల్లో ఈ నియమం కాగితం మీద చదివితేనే చెమట పడుతుంది. ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలని 2001 నియమాలు చెబుతున్నాయి.

గుర్రాలను నిషేధించమని నేను అడగడం లేదు. ముంబయిలో షికారుకు గుర్రాలు లాగే విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని 2015లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. అక్కడి పరిస్థితి అక్కడిది. ఇక్కడ రాత్రికి రాత్రి ఆపేస్తే ఈ గుర్రాలకు రేపటి దాణా ఎవరు వేస్తారో ముందు చెప్పాలి. నేను అడిగేవి ఇవి:

1. శ్రావణం మొదటి ముహూర్తం లోపు, ముఖంలోని ఆరు లక్షణాల బొమ్మలు తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి రెండు జిల్లాల్లోని ప్రతి పశువైద్యశాలలో, కల్యాణ మండపంలో, గుర్రాల యజమానుల ఇళ్లలో పెట్టండి. పక్కనే నాలుగు అంకెలు ఉండాలి. ప్రశాంతంగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, శ్వాస 8 నుంచి 16. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. కదలకుండా నిలబడిన గుర్రం గుండె 60 దాటితే ఊరేగింపు మానేసి వైద్యుడిని పిలవాలి. దవడ ఎముక కింద వేలు పెడితే నాడి దొరుకుతుంది. నేను నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టింది.

2. ముహూర్తపు రాత్రుల్లో గుర్రాన్ని చూడగల వైద్యుడు ఒకరు విజయవాడలో, ఒకరు గుంటూరులో అందుబాటులో ఉండాలి. ఊరేగింపులు రాత్రి జరుగుతాయి, ఆస్పత్రులు పగలు పనిచేస్తాయి. ముహూర్తాలు ఏ రోజుల్లో ఉన్నాయో ఉగాదినాడే పంచాంగంలో తెలిసిపోతాయి. ఎన్నికలకు, పుష్కరాలకు డ్యూటీలు వేసే మీకు ఇది కష్టమా? 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల సిబ్బందికి కూడా ఈ శిక్షణ ఇవ్వండి.

3. గన్నవరం పశువైద్య కళాశాల ఆచార్యులకు విడిగా ఒక మనవి. ఏడాదికి రెండు రోజులు యజమానులను, సాకేవాళ్లను పిలిచి గిట్టలు, పళ్లు, కళ్లెం చూడటం నేర్పండి. విద్యార్థులనూ కూర్చోబెట్టండి. వాళ్లు యజమానుల దగ్గర నేర్చుకునేది కూడా తక్కువ ఉండదు.

4. తనిఖీకి వచ్చినప్పుడు గుర్రాన్ని కాదు, ముళ్ల కళ్లేన్ని స్వాధీనం చేసుకోండి. మామూలు కళ్లెం అక్కడికక్కడే ఇప్పించి పంపండి. నొప్పి తెలియకుండా సూది వేయించి గుర్రాన్ని నడిపించేవారు ఉన్నారు. అది ఎక్కడ పట్టుబడితే అక్కడ మాత్రం మెత్తగా వదలకండి. సూది నొప్పిని దాస్తుంది, జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

5. కల్యాణ మండపాల యజమానులారా, కార్లకు ఇచ్చే చోటులో రెండు కార్ల స్థలం చాలు. జనరేటరుకు దూరంగా, ఒక నీళ్ల తొట్టి. "గుర్రానికి ఏమీ తినిపించవద్దు" అని ఒక బోర్డు.

6. అర్జీ ఇచ్చినవారితో మాట్లాడకుండా "పరిష్కరించబడినది" అని పంపకండి. కుదరదంటే కుదరదని, ఎందుకు కుదరదో ఒక వాక్యం రాయండి. చదువుకుంటాం.

నా వంతుగా ఒకటి మొదలుపెట్టాను. ఊరేగింపుకు గంట ముందే వెళ్లి, పెద్ద లెన్సుతో దూరం నుంచి గుర్రాన్ని అయిదు నిమిషాలు వీడియో తీస్తున్నాను. లెన్సు వెనక ఉన్నవాడు దానికి కనబడడు. వైశాఖంలో ఒక గుర్రం అలా దొరికింది. కంటి పైన అదే ముడత, ముందు కాలు చాపి ఉంది. వీడియో చూపిస్తే యజమాని గిట్ట ఎత్తి చూశాడు. నాడా మేకు ఒకటి పక్కకు దిగింది. ఆ పెళ్లికొడుకు తన మేనమామ స్కూటరు ఎక్కి వచ్చాడు. పెళ్లివారు నన్ను కాస్త తిట్టారు, మిగతా డబ్బు మాత్రం ఇచ్చారు.

ఆ తెల్ల గుర్రం ఫొటోలు, ఊరేగింపుకు ముందు తీసినవి, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీలో ఎవరు, ఏ రోజు రమ్మన్నా తెచ్చి చూపిస్తాను. శ్రావణం దాకా ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్,
విజయవాడ